ఒక్క మాట వచ్చిన దుబాసీ

రేపల్లెలో ఇప్పటికీ గడియారాల బడే సాహెబ్ పేరెత్తితే చాలు, "ఆయనకి లావోస్ భాష వచ్చంట కదండీ" అంటారు. నాకు ఒళ్లు మండిపోతుంది. ఏం రావడం, నా మొహం! ఆయనకు వచ్చింది ఒకే ఒక్క ముక్క. పెద్దవాళ్లు ఏదైనా చెబితే ఆ భాషలో మర్యాదగా "అవునండి" అనడం ఎలాగో తెలుసు. అంతే. అన్నం అడగడం రాదు, మంచినీళ్లు అడగడం రాదు. "కాదు" అనడం అసలే రాదు. ఆ ఒక్క ముక్కతో ఒక మనిషి కాలు తీసే కాగితం దగ్గర నిలబడాల్సి వచ్చింది పాపం. పక్కనే నేనున్నాను కాబట్టి చెబుతున్నాను. చెబుతున్నానే గానీ, ఆ సంగతి నాకే ఈనాటికీ పూర్తిగా అర్థం కాలేదు.

నా పేరు దేవకుమారి. రేపల్లె ఆసుపత్రిలో ఇరవై ఆరేళ్లు నర్సుగా చేశాను. స్టేషను రోడ్డులో మా ఇల్లు, మా గోడకానుకునే బడే సాహెబ్ కొట్టు, కొట్టు వెనకాలే వాళ్ల ఇల్లు. మేం లూథరన్ చర్చికి వెళ్లేవాళ్లం, వాళ్లు మసీదుకి వెళ్లేవాళ్లు. అయినా నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆయన బాబాయ్, ఆయన భార్య మహమూదా పిన్ని. వాళ్లకి పిల్లల్లేరు. నా మీద అరిచే హక్కు పిన్నికీ, ఆయన మీద అరిచే హక్కు నాకూ అలా వచ్చాయి.

బాబాయ్ మెత్తని మనిషి. ఎంత మెత్తనంటే, ఎదుటివాళ్ల మొహం మీద "కాదు" అనడానికి ఆయనకు నోరు పెగలదు. "రేపటికల్లా ఇచ్చేస్తావా సాహెబూ?" అంటే "అలాగేనండి". "పొద్దున్నే తెనాలి బండికి వెళ్లాలి, ఏడింటికి కావాలి" అంటే "అలాగేనండి". ఆ గడియారం రెండు వారాలైనా వెనక మూత ఊడదీసి పళ్లెంలో పడుంటుంది. వాళ్లు మళ్లీ వచ్చి నానా మాటలూ అంటే తల వంచుకుని దానికీ "అలాగేనండి". విడిభాగాలు తెనాలి నుంచి రావాలి, అవి ఎప్పుడొస్తాయో తెలీదు. ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదా? చెప్పడు.

"అంత ఆశగా అడుగుతుంటే మొహాన ఎట్టా చెప్తామమ్మా దేవమ్మా?" అనేవాడు.

పిన్ని పుట్టింటివాళ్లు పెళ్లికి ఇచ్చిన గోడగడియారం ఒకటుంది. అది ఆగిపోయి పదకొండేళ్లు. "బాగుచేస్తారా లేదా?" అని ఆవిడ వారానికొకసారి అడిగేది. ఆయన వారానికొకసారి "అలాగే" అనేవాడు. గడియారాలు బాగుచేసేవాడి ఇంట్లో టైమెంతయిందో మా ఇంటికొచ్చి అడిగి వెళ్లేవాళ్లంటే చూడండి మరి.

ఆయనకున్న పిచ్చి ఒకటే, రేడియో. పాటలు వినే పిచ్చి కాదు, దూరదేశాల స్టేషన్లు పట్టుకునే పిచ్చి. సాయంత్రం కొట్టు కట్టేసి, డాబా మీదికి రాగితీగ లాగి, కొబ్బరిచెట్టుకి కట్టి, రేడియో ముల్లుని వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పుతూ కూర్చునేవాడు. గరగరమనే చప్పుడులోంచి ఏదో ఒక మనిషి గొంతు రాగానే మొహం వెలిగిపోయేది. ఫలానా తారీఖున, ఫలానా టైముకి మీ స్టేషను మా ఊళ్లో ఇంత బాగా వినబడింది అని ఉత్తరం రాస్తే ఆ దేశం వాళ్లు రంగుల కార్డు పంపుతారు. ఆ ఉత్తరాలు ఇంగ్లీషులో రాసిపెట్టే వెట్టిచాకిరీ నాది. డ్యూటీ దిగి కాళ్లు లాగేస్తుంటే ఈయన ఎయిర్‌మెయిల్ కవరు పట్టుకుని మా గుమ్మంలో నిలబడేవాడు. తిట్టుకుంటూనే రాసేదాన్ని.

1988 వానాకాలంలో అనుకుంటా, లావోస్ దొరికింది. లావోస్ ఎక్కడుందో నాకూ తెలీదు, ఆయనకూ తెలీదు. స్కూలు అట్లాసు తెచ్చి వెతికితే బర్మాకి అవతల, చుట్టూ వేరే దేశాల మధ్య ఇరుక్కుని, సముద్రమనేదే లేని దేశం కనబడింది. ఆదివారం సాయంత్రం ఇంగ్లీషు వార్తలయ్యాక వాళ్ల భాష నేర్పే పాఠం పది నిమిషాలు వచ్చేది. వచ్చేదంటే వచ్చేది గానీ, వినబడేది కాదు. వారాల తరబడి గరగరే. ఒకే ఒక్క ఆదివారం మాత్రం ఎదురుగా కూర్చుని మాట్లాడినట్టు వినబడింది. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను.

ఆ పాఠం మర్యాదగా ఒప్పుకోవడం గురించి. ఎవరైనా ఏదైనా చెబితే ఊరికే "ఊ" అనకూడదట. మామూలు మర్యాదకి "చావ్" అనాలట. వయసులో బాగా పెద్దవాళ్లూ, సన్యాసులూ అయితే రెండు చేతులూ జోడించి, తల వంచి "డోయ్" అనాలట. నేను తెలుగులో చెబుతుంటే విని, బాబాయ్ అక్కడికక్కడే చేతులు జోడించి రెండూ అని చూశాడు.

"దీపాలు పెట్టే వేళ చావేంటండీ, నోరు మంచిదైతే సరి!" అని పిన్ని కసిరింది. దాంతో ఆయన మొదటి మాట వదిలేసి రెండోది పట్టుకున్నాడు.

రేడియోలో ఆవిడ ఇంకా చెబుతోంది. "అయితే శ్రోతలూ, ఒక్క సంగతి మాత్రం గుర్తుపెట్టుకోండి. ఎవరైనా మీతో డోయ్ అన్నంత మాత్రాన..."

అంతే. గరగర. ముల్లు ఎటు తిప్పినా ఆ గొంతు మళ్లీ రాలేదు. తర్వాతి ఆదివారం లేదు, ఆ పై ఆదివారమూ లేదు. "అన్నంత మాత్రాన ఏంటి దేవమ్మా?" అని నా ప్రాణం తోడేశాడు. ఆ ప్రశ్నే రాసి పంపాం. నాలుగు నెలలకి ఏనుగు బొమ్మ కార్డొచ్చింది. వెనక ఇంగ్లీషులో "మీ ఉత్తరానికి ధన్యవాదాలు" అని ఉంది. జవాబు లేదు. ఆయన ఆ కార్డుని కొట్లో అద్దానికి అంటించాడు. వచ్చినవాళ్లకి చూపించి చేతులు జోడించి "డోయ్" అనేవాడు. ఊళ్లో ఆయనకు లావోస్ భాష వచ్చని పుకారు పుట్టింది అలాగే.

తొంభై మేలో తుఫాను వచ్చింది. ఆ తుఫాను సంగతి మావైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. కరెంటు పోయింది, రైలు కట్టలు తెగాయి, రోడ్ల మీద చెట్లు. నాలుగోరోజు పొద్దున సముద్రపు ఒడ్డు ఊళ్లవాళ్లు ట్రాక్టరులో ఒక మనిషిని తెచ్చి మా ఆసుపత్రి వరండాలో దించారు. పాతికేళ్లుంటాయి. ఏదో విదేశీ చేపల పడవ పగిలి, చెక్క పట్టుకుని ఒడ్డుకి కొట్టుకొచ్చాడట. ఎడమ పాదం నుజ్జునుజ్జయింది. నేను గుడ్డ విప్పి చూసేసరికి వేళ్లు నల్లబడి, ఆ నలుపు చీలమండ దాటి పైకి పాకుతోంది. వాసన కూడా మొదలైంది.

డాక్టరు జగన్నాథరావు గారు చూసి నన్ను పక్కకి పిలిచారు. "మోకాలి కింద తీసెయ్యాలి దేవకుమారీ. గుంటూరు పంపుదామంటే దారి లేదు. ఎల్లుండిదాకా ఆగితే మనిషి దక్కడు."

"అయితే తీసెయ్యండి సార్."

"అతని కాలు అది. అడగకుండా ఎట్టా తీస్తాం?"

అడగడానికి ఏ భాషలో అడగాలి? గార్డు డ్యూటీలో ఉన్న కానిస్టేబులు కొండయ్య తనకొచ్చిన హిందీ అంతా ఉపయోగించాడు. బాపట్ల నుంచి తుఫాను సాయానికి కొంత నడిచీ కొంత సైకిలు మీదా వచ్చిన ఇంగ్లీషు లెక్చరరు ఒకాయన గంటసేపు నెమ్మదిగా, గట్టిగా, చివరికి కోపంగా మాట్లాడి చూశాడు. బర్మావాడన్నారు, చైనావాడన్నారు, నేపాలీ అన్నారు. ఆ మనిషి గుండె మీద చెయ్యి పెట్టుకుని "బున్మీ" అన్నాడు, అది పేరని అర్థమైంది. తర్వాత ఏదో దీర్ఘంగా చెప్పేవాడు. ఎవరికీ తెలియడం లేదని గ్రహించి ఆగిపోయేవాడు. నేను మందిస్తే "చావ్" అనేవాడు. తెల్లజుట్టు డాక్టరుగారు పలకరిస్తే మాత్రం నొప్పితో మెలికలు తిరుగుతూ కూడా రెండు చేతులూ జోడించి తల వంచి "డోయ్" అనేవాడు.

నా చేతిలో ట్రే ఉంది. అది అక్కడే పెట్టేసి స్టేషను రోడ్డుకి పరుగెత్తాను.

బాబాయ్ కొట్లో బురద తోడుతున్నాడు. విషయం చెప్పగానే ఉతికిన చొక్కా తొడుక్కుని, టోపీ పెట్టుకుని పెళ్లికి బయల్దేరినట్టు బయల్దేరాడు. దారంతా ఒకటే గొణుగుడు: "నాకేం వచ్చమ్మా? నాకొచ్చింది ఒక్క మాటే కదమ్మా?"

మంచం దగ్గర నిలబడి చేతులు జోడించి "డోయ్" అన్నాడు. బున్మీ మొహం చూడాల్సింది మీరు! కళ్లు పెద్దవయ్యాయి. ఆయన చెయ్యి పట్టుకుని మొదలుపెట్టాడు మాట్లాడటం, ఆపితేనా! పావుగంట. మధ్యలో ఏడ్చాడు, ఒకసారి నవ్వాడు కూడా, కిటికీ వైపు చూపించాడు, ఏదో బతిమాలాడాడు. బాబాయ్ నుదుటి మీద చెమటలు. ఒక్క అక్షరం తెలీదు. తెలీదని చెప్పడం కూడా రాదు. పాపం ఏం చేస్తాడు, అతను ఆగినప్పుడల్లా "డోయ్", "డోయ్" అంటూ ఉన్నాడు.

"ఏం ఒప్పుకుంటున్నావ్ బాబాయ్?" అన్నాను చెవిలో.

"ఏమో అమ్మా, నాకూ భయంగానే ఉంది."

అప్పుడు డాక్టరుగారు వచ్చి, బున్మీ మోకాలి కింద అరచేత్తో అడ్డంగా కోస్తున్నట్టు చూపించారు. చూపించి, బాబాయ్ వైపు చూశారు. బాబాయ్ బున్మీ వైపు చూశాడు. బున్మీ కాలు చూసుకున్నాడు, బాబాయ్ నెరిసిన గడ్డం చూశాడు. చేతులు నుదుటిదాకా ఎత్తి, తల వంచి, "డోయ్" అన్నాడు.

"ఏమన్నాడు?"

"అవునన్నాడండి."

"అంటే ఒప్పుకున్నట్టేనా సాహెబూ?"

పదిమంది చుట్టూ నిలబడి ఆశగా ఆయన నోటికేసే చూస్తున్నారు. ఆయన మనలాంటి మనిషైతే "నాకు తెలీదు" అనేవాడు. ఆయన బడే సాహెబ్! "అలాగేనండి... ఒప్పుకున్నట్టేనండి" అన్నాడు.

మర్నాడు ఉదయం తొమ్మిదింటికి ఆపరేషన్ అనుకున్నాం. దానికి ముందు వేలిముద్ర వేయించాలి, దుబాసీగా బాబాయ్ సంతకం పెట్టాలి.

ఆ సాయంత్రం వాళ్లింట్లోనే నేనూ తిన్నాను, మా వంటగది కప్పు ఎగిరిపోయింది మరి. లాంతరు వెలుగులో పిన్ని పచ్చిపులుసు అన్నం కలిపి పెట్టింది. బాబాయ్ ఉషారుగా ఆసుపత్రి కథంతా చెప్పాడు. పదేళ్ల రేడియో ఒక మనిషికి పనికొచ్చిందని ఆయనకు ఒకటే సంబరం. పిన్ని అంతా విని, గోడ మీది ఆగిపోయిన గడియారం చూపించింది.

"మరి దాని సంగతేంటి? రేపు చేస్తారా?"

"అలాగే, రేపు చేస్తా."

పిన్ని గరిటె కింద పెట్టింది. "చెయ్యరు. నాకు తెలుసు, మీకూ తెలుసు. నేను బాధపడతానని అట్టా అంటారంతే. ఆ పిల్లోడు మీతో అన్నదీ ఇట్టాంటి అలాగేనేమో, ఎవరు చూడొచ్చారు?"

మామూలుగా దెప్పింది, అంతే. కానీ బాబాయ్ ముద్ద నోటిదాకా వెళ్లి ఆగిపోయింది. దాన్ని తిరిగి కంచంలో పెట్టేశాడు.

"అన్నంత మాత్రాన..." అన్నాడు నెమ్మదిగా. "దేవమ్మా, ఆవిడ అదే చెప్పబోయింది. డోయ్ అన్నంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదని."

"లేకపోతే, డోయ్ అన్నంత మాత్రాన సరిపోదు చేతులు కూడా జోడించాలని చెప్పిందేమో బాబాయ్! మనకేం తెలుసు?"

"తెలీదు కదా. మరి నేనెట్టా సంతకం పెట్టను?"

నాకు కోపం వచ్చింది. సంతకం పెట్టకపోతే ఆ కుర్రాడు చస్తాడు. పెడితే, అడగకుండా కాలు కోసినట్టు. ఏది తప్పో ఏది ఒప్పో నా బుర్రకీ అందలేదు. ఆ అందకపోవడానికే ఎక్కువ కోపం వచ్చి, ఆయన మీద అరిచేసి ఇంటికొచ్చేశాను. పడుకున్నానే గానీ కునుకు పట్టలేదు.

పొద్దున్న ఏడు కాకుండానే బాబాయ్ పనిముట్ల రేకుపెట్టె చంకన పెట్టుకుని ఆసుపత్రికి వచ్చాడు. డాక్టరుగారు అప్పుడే వార్డుకొచ్చారు. బాబాయ్ పెట్టె కింద పెట్టి, "డాక్టరుగారండి, నిన్న నేను చెప్పింది... కాదండి" అన్నాడు. ఆయన నోటి నుంచి ఆ మాట వినడం నా జన్మలో అదే మొదలు.

"కాదేంటయ్యా? నిన్న ఒప్పుకున్నాడన్నావుగా!"

"నేను పెద్దవాణ్ని కదండీ. గడ్డం నెరిసినవాణ్ని. నేనేమన్నా ఆ బాబు అదే అంటాడండి. మీరే చూడండి."

బున్మీ దగ్గరికి వెళ్లాడు. పలకరింపుగా నవ్వాడు. తర్వాత, నిన్న డాక్టరుగారు కాలి మీద చూపించినట్టే, అరచెయ్యి తీసుకెళ్లి బున్మీ మెడ మీద అడ్డంగా పెట్టి కోస్తున్నట్టు చూపించాడు. చూపించి, ఏమంటావన్నట్టు తల ఎగరేశాడు. బున్మీ ఆ చేతిని చూశాడు, బాబాయ్ మొహం చూశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా రెండు చేతులూ జోడించి, తల వంచి, "డోయ్" అన్నాడు.

"అయ్యో దేవా!" అని అరిచాను నేను. కొండయ్య ముక్కు మీద వేలేసుకున్నాడు. డాక్టరుగారు స్టూలు మీద కూలబడి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. బాబాయ్ అయితే ఆ కుర్రాడి తల గుండెకి పొదువుకుని "లేదయ్యా, లేదు బాబూ, తప్పు తప్పు" అని తెలుగులోనే ఏడ్చేశాడు.

కళ్లజోడు పెట్టుకుని డాక్టరుగారే అన్నారు. "సాహెబూ, ఇప్పుడు మరీ కష్టమైపోయిందయ్యా. మధ్యాహ్నం దాటితే మోకాలు కూడా పోద్ది. ఇతన్ని నిజంగా అడగాలి. ఎట్టా?"

బాబాయ్ రేకుపెట్టె తెరిచి రెండు చేతిగడియారాలు తీశాడు. ఒకటి తుఫాను నీళ్లలో నానింది, ఎవరో బాగుచెయ్యమని ఇచ్చి వెళ్లింది. దాని వెనక మూత తీసి, కంటి భూతద్దం బున్మీ కంటికి పెట్టి చూపించాడు. ఒక చిన్న చక్రం దగ్గర మొదలైన తుప్పు పక్కచక్రానికీ, దాని పక్కదానికీ పాకి మొత్తం బిగుసుకుపోయింది. తుప్పు మొదలైన చోట సన్నపాటి పట్టకారులాంటి చిమటా మొన ఆనించాడు. అదే మొన తీసుకొచ్చి బున్మీ నల్లబడ్డ వేళ్ల దగ్గర గాలిలో నిలిపాడు. అక్కణ్నుంచి మెల్లగా చీలమండ, పిక్క, మోకాలు, తొడ, గుండెదాకా జరిపాడు. ఆ గడియారం బున్మీ చెవి దగ్గర పెట్టాడు. చప్పుడు లేదు.

రెండోది తన సొంత గడియారం, మణికట్టు మీంచి అప్పుడే విప్పింది. అద్దం తీశాడు. సెకన్ల ముల్లు గిరగిరా తిరుగుతోంది. చిమటాతో ఆ ముల్లుని పట్టుకుని పైకి లాగేశాడు. ఊడొచ్చిన ముల్లుని తన అరచేతిలో పెట్టుకుని చూపించాడు. తర్వాత ఆ గడియారాన్ని బున్మీ చెవి దగ్గర పెట్టాడు. వార్డంతా ఊపిరి బిగబట్టాం కాబట్టి నాకూ వినబడింది. టిక్ టిక్ టిక్.

అప్పుడు బాబాయ్ చేసిన పని ఇంకొకటుంది. అది నేనెవరికి చెప్పినా అంత పట్టించుకోరు. ఆయన లేచి, బున్మీకి వీపు తిప్పి గోడవైపు నిలబడ్డాడు. డాక్టరుగారిని కూడా వెనక్కి తిరగమని సైగ చేశాడు.

"పెద్దవాళ్ల మొహం చూస్తుంటే ఆ బాబు కాదనలేడండి. నాకు తెలుసు గదండీ ఆ జబ్బు" అన్నాడు గోడతో.

నిలబడ్డ పెద్ద మగవాళ్లంతా అటు తిరిగారు. నేనొక్కదాన్నే చూస్తున్నాను. నేనంటే అతనికి "డోయ్" అనేంత భయభక్తులు ఎలాగూ లేవు.

బున్మీ తుప్పు గడియారాన్ని చెవికి పెట్టుకున్నాడు. తీసి, రెండోది పెట్టుకున్నాడు. మళ్లీ మొదటిది. దుప్పటి జరిపి పాదాన్ని చూసుకున్నాడు, ఎంతసేపు చూశాడో. వేళ్లు కదిలించబోయాడు. అవి కదల్లేదు. చిన్నపిల్లాడిలా నిశ్శబ్దంగా ఏడ్చాడు. ఏడ్చి ఏడ్చి, మోచేత్తో మొహం తుడుచుకుని, వేలిముద్ర కోసమని మంచం పక్క బల్ల మీద పెట్టిన ఇంకు డబ్బా వైపు చెయ్యి చాచాడు. నేను అందించాను. తనే బొటనవేలు అద్దుకున్నాడు. కాగితం ఎక్కడని చూశాడు. పెట్టాను. వేలు గట్టిగా నొక్కాడు. ఆ సేపంతా అతని నోట "డోయ్" గానీ "చావ్" గానీ ఒక్కసారి కూడా రాలేదు.

"అయిందండీ, తిరగండి" అన్నాను.

ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ బాబాయ్ ఇంట్లో కుదురుగా కూర్చోలేకపోయాడట. చేతులు ఊరుకోక, గోడ మీది గడియారం దించి విప్పేశాడట. నేను సాయంత్రం "బతికాడు బాబాయ్" అని చెప్పడానికి వెళ్లేసరికి అది గోడ మీద కొట్టుకుంటోంది. పదకొండేళ్ల తర్వాత! పిన్ని దాని కింద కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది.

బున్మీ ఐదు నెలలు మా ఊళ్లోనే ఉన్నాడు. కర్రలు చంకల్లో పెట్టుకుని కొట్టుకి వచ్చి, బాబాయ్ పక్కన కూర్చుని మరమేకులు ఏరిపెట్టేవాడు. పిన్ని వండిన అన్నాన్ని చిన్న చిన్న ముద్దలు చేసి కూరలో అద్దుకు తినేవాడు. "అన్నం", "నీళ్లు", "పిన్నీ", "బాబాయ్" నేర్చుకున్నాడు. సముద్రం లేని దేశం మనిషి చేపల పడవెందుకెక్కాడో మాత్రం ఎన్ని సైగలు చేసినా మాకు తెలియలేదు. బాబాయ్ కూడా మారాడు. "రేపిస్తావా?" అంటే "కాదండి, పదిరోజులు పడుద్ది" అనడం మొదలుపెట్టాడు. సగం బేరాలు వేరే కొట్టుకి పోయాయి. పోతే పోనీ అన్నాడు.

కానీ ఒక దిగులు మాత్రం ఆయన్ని పట్టుకుని వదల్లేదు. "నిజంగా ఒప్పుకున్నాడంటావా దేవమ్మా? ఇంతమంది పెద్దవాళ్లు గోడవైపు తిరిగి నిలబడ్డారు కదా, అది చూసి మొహమాటపడ్డాడేమో" అనేవాడు. నేను ఒట్టేసి చెప్పేదాన్ని. నమ్మేవాడు కాదు. నమ్మేవాడు కాదంటే, "అలాగేనమ్మా" అనేవాడు.

అక్టోబరులో ఢిల్లీ నుంచి ఒకాయన వచ్చాడు. బున్మీని వాళ్ల దేశం పంపడానికి. ఆయనకు వాళ్ల భాషా వచ్చు, హిందీ వచ్చు. తెనాలి వెళ్లే రైలు దగ్గర అందరం ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాం. బున్మీ మణికట్టుకి బాబాయ్ ఇచ్చిన గడియారం, అదే, సెకన్ల ముల్లు లేనిది. గార్డు పచ్చజెండా విప్పుతున్నాడు. అప్పుడు బాబాయ్ ఐదు నెలలుగా కడుపులో పెట్టుకున్న ప్రశ్న తనకొచ్చిన ఉర్దూలో ఆ దుబాసీని అడిగేశాడు.

"ఆ రోజు కాలు తీయడానికి తన మనసుతో ఒప్పుకున్నాడా, లేక మేం పెద్దవాళ్లమని మర్యాదకి వేలిముద్ర వేశాడా? కనుక్కోండి సాబ్, మీకు పుణ్యముంటుంది."

దుబాసీ వాళ్ల భాషలో అడిగాడు. బున్మీ శ్రద్ధగా విన్నాడు. కర్రలు రైలుపెట్టెకి ఆనించాడు. ఒంటికాలి మీద నిలదొక్కుకుని, బాబాయ్ కళ్లలోకి చూసి, రెండు చేతులూ నుదుటిదాకా ఎత్తి, తల బాగా వంచాడు.

"డోయ్."

"అవునంటున్నాడు" అన్నాడు దుబాసీ.

"రెంటిలో ఏది అవునండీ!" అని అరిచాను నేను. రైలు కూత వేసింది. కొండయ్యా, దుబాసీ కలిసి బున్మీని రెక్కలు పట్టుకుని లోపలికి ఎక్కించారు. బండి కదిలింది.

బాబాయ్ మొహం పాలిపోయింది. అప్పుడు కిటికీలోంచి బున్మీ తల బయటపెట్టాడు. మాకేసి చూస్తూ, గడియారమున్న చెయ్యి ఎత్తి చెవికి ఆనించుకున్నాడు. అలా ఆనించుకునే, నవ్వుతూ, మలుపు తిరిగేదాకా కనబడ్డాడు.

బాబాయ్ ఖాళీ పట్టాల వైపు చేతులు జోడించి, తల వంచి, "డోయ్" అన్నాడు. దేనికన్నాడో నేనడగలేదు.